పకు గుడిస్తే పి

ఆ ఎండాకాలం మా ఇంట్లోకి ముందు ఒక నిమ్మకాయ వచ్చింది. దాని వెనక కెమెరా వచ్చింది.

తలుపు తీసేసరికి గడపలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. పాతికేళ్ళుంటాయేమో. జుట్టు మెడదాకా కత్తిరించుకుంది, భుజానికి ఏవో తీగలు చుట్టలుగా వేలాడుతున్నాయి. రెండు చేతులా ఒక నిమ్మకాయ పట్టుకుని, దేవుడి ముందు పెట్టినంత భక్తిగా నాకు అందించింది. పాపం ఎండనపడి వచ్చింది కదా అని నేను ఆ కాయ కోసి, పంచదార వేసి, నీళ్ళు కలిపి ఆ అమ్మాయికే ఇచ్చాను. ఆమె గ్లాసు వంకా నా వంకా చూసి పకపకా నవ్వింది.

"అమ్మగారూ, ఆ కాయ తాగడానికి తేలేదండీ. మీవారి సినిమాకి మేమంతా నిమ్మకాయలు పట్టుకుని వెళతాం. మీకు గౌరవంగా ఇద్దామని తెచ్చాను."

"గౌరవమైతే ఇంకో రెండు తేవాల్సింది తల్లీ. ఒక్క కాయకి ఏం రసం వస్తుంది?"

లోపలి గదిలోంచి మా అమ్మాయి గొంతు వినిపించింది. "అమ్మా, వచ్చినవాళ్ళు వెళ్ళాక తలుపెయ్."

అప్పటికింకా వచ్చిన మనిషి కూర్చోనైనా లేదు.

మా ఆయన తన జన్మలో ఒకే ఒక్క సినిమా తీశారు. ముప్పై నాలుగేళ్ళ కిందటి మాట. పేరు 'చుక్కల అవతలి ఊరు'. భర్త రాకెట్టెక్కి చుక్కల అవతలికి వెళ్ళిపోతాడు. భార్య ఇంట్లో రేడియో పెట్టె ముందు కూర్చుని, అతని గొంతు ఎప్పుడు వినిపిస్తుందా అని పన్నెండేళ్ళు ఎదురుచూస్తుంది. ఆయన కథ చెబుతుంటే నాకు కళ్ళు చెమర్చేవి. తీసింది చూస్తే మాత్రం అది వేరే సంగతి. రాకెట్టంటే మేడమీది నీళ్ళ ట్యాంకుకి వెండిరంగు పూసింది. కింద కుళాయి ఊడదీయడం మరిచిపోయారు. చుక్కలంటే నల్లగుడ్డకి పొడిచిన చిల్లులు. ఒక చిల్లులోంచి ఎవరిదో వేలు కూడా కనిపిస్తుంది. హీరోకి వంటింట్లో మీసం ఉంటుంది, వరండాలోకి వచ్చేసరికి ఉండదు. ఆ సినిమా వారం రోజులు కూడా ఆడలేదు.

అన్నిటికన్నా పెద్ద వింత చివర్లో ఉంది. భార్య రేడియో పెట్టెని వాటేసుకుని ఏడుస్తూ అంటుంది: "మీ పులుపు కోసమే బతికి ఉన్నాను!"

ఆ రోజుల్లో పత్రికలవాళ్ళు మా ఇంటికొచ్చి ఆయన్ని అడిగారు, పులుపేమిటండీ అని. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, తొణక్కుండా చెప్పారు: "ఎడబాటు తియ్యగా ఉంటుందని అందరూ రాస్తారు. నాకు పుల్లగా అనిపించింది, అలాగే రాశాను." మర్నాడు ఆ మాట అచ్చయ్యాక, సినిమా చూడనివాళ్ళు కూడా నవ్వారు.

ఆయన పోయి మూడేళ్ళయింది. ఆయన పోయిన ఏడాదికి ఎవరో కుర్రకారు ఆ సినిమాని ఎక్కడో దుమ్ములోంచి వెతికి తీశారు. ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం ఆటకి హాలు నిండిపోతోందట. కుళాయి కనిపించగానే "కుళాయి!" అని అరుస్తారు. మీసం మాయం కాగానే "దొంగ! దొంగ!" అంటారు. చివర్లో అందరూ లేచి నిమ్మకాయలు పైకెత్తి "పులుపు!" అని కేక పెడతారు. ఈ నిమ్మకాయ పిల్ల ఆ సినిమా ఎలా తయారైందో చెప్పే సినిమా ఒకటి తీస్తోంది. దాన్ని డాక్యుమెంటరీ అంటారని చెప్పింది. పాడైపోయిన సినిమా మీద ఇంకో సినిమా ఎందుకో నాకు అంతుపట్టలేదు. కానీ ఆ పిల్ల మొహంలో ఎగతాళి లేదు. అందుకే తలుపు వెయ్యలేదు.

*

మూడో రోజు కెమెరా మా ముందుగదిలో పెట్టారు. నేను కూర్చోవడానికి చోటు చూస్తూ నిమ్మకాయ పిల్ల గదంతా తిరిగింది.

"ఆ ట్రంకుపెట్టె తీయించెయ్యొచ్చా అమ్మగారూ? ఫ్రేములో అడ్డంగా ఉంది."

"వద్దు. నేను దాని మీదే కూర్చుంటాను," అన్నాను. ఆమె తల పక్కకి వంచి చూసి, బావుందండీ అంది. ఆ పెట్టెలో ఏముందో ఆమెకి తెలియదు. మా అమ్మాయికీ తెలియదు.

ఏవేవో అడిగింది. ట్యాంకు ఎవరిది, నల్లగుడ్డ ఎక్కడిది, మీసం ఎవరు పోగొట్టారు. చెప్పాను. ఆ గుడ్డకి చిల్లులు పొడిచింది నేనే, దబ్బనంతో, అన్నాను. చివరికి అసలు చోటుకి వచ్చింది.

"పులుపు అన్న మాట ఆయనకి ఎలా తోచిందండీ? అది రాసిన రోజు ఏదైనా జరిగిందా?"

నా కింద పెట్టె వేడెక్కినట్టనిపించింది. "ఆయన్నే అడగాలమ్మా," అన్నాను.

"ఆయన లేరు కదండీ."

"అదేగా."

ఆ పిల్ల కెమెరా ఆపింది. మా అమ్మాయి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆమె బడిలో లెక్కలు చెబుతుంది. సెలవులు కనక ఆ రోజుల్లో ఇంట్లోనే ఉండేది. "అయిపోయిందా నవ్వుకోవడం?" అంది.

"నేను నవ్వడానికి రాలేదక్కా."

"చిన్నప్పుడు నన్ను పేరుతో పిలిచినవాళ్ళు లేరు. పులుపూ, పులుపూ అనేవారు. మాస్టారు కూడా ఒకరోజు హాజరు తీస్తూ నోరు జారారు. నువ్విప్పుడు దాన్ని తెర మీద పెడతానంటున్నావు." అని లోపలికి వెళ్ళిపోయింది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకంటే ఆ పులుపు రాసింది ఆమె నాన్న కాదు. నేను.

ఆయన రాత కోడి గెలికినట్టుండేది. ఎవరికీ తెలిసేది కాదు, ఒక్కోసారి ఆయనకే తెలిసేది కాదు. నా చదువు ఎనిమిదో తరగతితో సరి, కానీ అక్షరాలు గుండ్రంగా వచ్చేవి. ఒక కాగితం పూర్తి కాగానే ఆయన గదిలోంచి పిలిచేవారు: "ఏమోయ్, ఒకసారి ఇలా రా. ఇది విను." నేను చేతులు తుడుచుకుంటూ వెళ్ళేదాన్ని. ఆయన చదివేవారు, నేను వినేదాన్ని. బావుందంటే కాగితం నా చేతిలో పెట్టేవారు, నేను శుభ్రంగా ఎత్తి రాసేదాన్ని. నటులకి చేరేది నా రాతే, షూటింగుకి నేనే పట్టుకెళ్ళేదాన్ని. పెళ్ళయిన మొదటి ఆరేళ్ళూ మా కాపురమంటే నాకు ఆ పిలుపే గుర్తు.

సినిమా విడుదలైన రోజు హాల్లో నా చుట్టూ జనం కడుపుబ్బ నవ్వుతుంటే, ఆ మాట నేను మొదటిసారి చెవులారా విన్నాను. ఇంటికి పరుగెత్తుకొచ్చి కాగితాలు తీసి చూశాను. ఆయన గెలుకుడు రాతలో 'మీ పిలుపు కోసమే' అని ఉంది. నా గుండ్రటి రాతలో 'మీ పులుపు కోసమే' అని ఉంది. పకు గుడిస్తే పి, పకు కొమ్మిస్తే పు. ఒకటో తరగతి పిల్ల చెప్పే మాట. గుడి ఇవ్వాల్సిన చోట నేను కొమ్ము ఇచ్చాను.

రెండు కాగితాలూ మడిచి పెట్టె అడుగున దాచేశాను. ఆయన అడగలేదు. నేను చెప్పలేదు.

ఆ తర్వాత ఆయన అచ్చు ఆఫీసులో ప్రూఫులు దిద్దే పనిలో చేరారు. ఇరవై ఏడేళ్ళు ఊళ్ళోవాళ్ళందరి గుళ్ళూ కొమ్ములూ ఎర్రసిరాతో సరిచేశారు. కథ మాత్రం మళ్ళీ రాయలేదు. రాయలేదు కనక పిలవలేదు. అన్నం పెట్టు, గొడుగేదీ, ఇలాంటివి అడిగేవారు. కానీ "ఏమోయ్, ఒకసారి ఇలా రా" మాత్రం మళ్ళీ వినలేదు. నేనూ ఆయన కంటబడేలా ఒక్క అక్షరం రాయలేదు. కూరగాయల చీటీ కూడా నోటితోనే చెప్పేదాన్ని. అదేమిటని ఆయన అడగలేదు.

పిలవడం మానేసింది సినిమా పోయినందుకా, నా తప్పు తెలిసినందుకా? ఈ ఒక్క ప్రశ్న ముప్పై నాలుగేళ్ళు రోజూ ప్రార్థనలో దేవుడి ముందు పెట్టాను. ఆయన చాలా ఓపికగా విన్నాడు. విన్నాడంతే.

*

ఎండలు ముదిరాక ఒకరోజు నిమ్మకాయ పిల్ల ఇద్దరిని వెంటబెట్టుకొచ్చింది. ఒకావిడ మా హీరోయిన్. సినిమాకి ముందు ఏదో ఆఫీసులో టైపిస్టు, సినిమా పోయాక మళ్ళీ అదే కుర్చీలో టైపిస్టు. రెండోవారు శబ్దం రికార్డు చేసిన పెద్దాయన. చెవులు పెద్దవి కావడంతో అప్పట్లో అందరూ చెవులాయన అనేవారు. ఇప్పుడు ఆ రెండు చెవుల్లోనూ మిషన్లున్నాయి.

"వదినగారూ, గట్టిగా మాట్లాడండి. పేరుకే చెవులు," అన్నాడాయన కూర్చుంటూ.

టైపిస్టు నన్ను కావలించుకుని సంచీలోంచి నిమ్మకాయలు తీసి బల్ల మీద కుమ్మరించింది. "మొన్న బ్యాంకులో ఒకడు ఇచ్చాడక్కా, దంతాల డాక్టరు ఒకటిచ్చాడు. నేను చచ్చిపోతే పూలదండ బదులు ఇవే గుచ్చి వేస్తారేమో."

"బాధగా ఉండదా మీకు?" మా అమ్మాయి అడిగింది. ఆ రోజు లోపలికి వెళ్ళకుండా గోడకి ఆనుకుని నిలబడింది.

"మొదట్లో ఏడ్చాను తల్లీ. ఇరవయ్యేళ్ళు ఏడ్చాక విసుగొచ్చింది. ఇప్పుడు చిన్నపిల్లలు వచ్చి నా చెయ్యి పట్టుకుంటే బావుంటోంది. ఒకటి చెప్పనా? నేను ఆ రోజు అడిగాను. పులుపా సార్, అని అడిగాను. సార్ కాగితం తీసుకుని చూశారు. ఏదో అన్నారు. ఏమన్నారో ఎంత గింజుకున్నా గుర్తు రావడం లేదు."

ఆయన కాగితం చూశారా? నా రాత చూశారా?

"గుర్తు రాకపోతేనేం?" చెవులాయన పెద్దగా అన్నాడు. "నా దగ్గర టేపుంది. మన సినిమాలో మాటలు తర్వాత అతికించలేదు కదా, అక్కడికక్కడే పట్టాను. హీరోగారు మాటలు సొంతంగా మార్చేస్తున్నాడని అన్నగారు గోడకి బోర్డు కూడా కొట్టించారు, 'కాగితంలో ఉన్నది ఉన్నట్టు' అని. షాటుకి ముందూ వెనకా మాటలు కూడా పడిపోయాయి. అన్నీ బిస్కెట్ల డబ్బాల్లో దాచాను. బూజు పట్టింది, ఈ అమ్మాయి శుభ్రం చేయిస్తోంది."

"ఇంకో నెల పడుతుందండీ," అంది నిమ్మకాయ పిల్ల. "ఆ రోజు టేపు దొరికితే సినిమాలో పెడతాను. మీరు అభ్యంతరం చెప్పకపోతేనే."

అందరూ నా వంక చూశారు. వద్దంటే చాలు, ఆ టేపు డబ్బాలోనే ఉండిపోతుంది. ఆయన ఏమన్నారో నాకు తెలియాలి. తెలియకూడదు కూడా. మా ఆవిడకి చదువు రాదమ్మా అన్నారేమో. చూసి చూడనట్టు ఊరుకుని, తర్వాత ముప్పై ఏళ్ళు ఆ కోపాన్ని మౌనంగా మోశారేమో.

"పెట్టుకో తల్లీ," అన్నాను.

*

వాళ్ళు వెళ్ళాక మా అమ్మాయి బల్ల మీది నిమ్మకాయలు బుట్టలోకి విసురుతూ మొదలుపెట్టింది.

"పదేళ్ళప్పుడు నేను నాన్నని అడిగానమ్మా. పొరపాటైందని ఒక్క మాట చెప్పండి నాన్నా, అప్పుడు ఎవరూ వెక్కిరించరు అన్నాను. తప్పు కాదమ్మా అన్నారు. అంతే. నా ఏడుపు కన్నా ఆయనకి ఆయన పులుపే ఎక్కువైంది. అందుకే తర్వాత ఆయనతో నేనెప్పుడూ..."

మాట పూర్తి చెయ్యలేదు. పూర్తి చెయ్యక్కర్లేదు. ఆమె ఆయనతో ఎలా ఉండేదో నేను చూశాను. ఒక ఇంట్లో ముగ్గురం ఉండేవాళ్ళం, ముగ్గురికీ తలో మౌనం.

లేచి పెట్టె తీశాను. పైన దుప్పట్లు, వాటి కింద ఆయన కళ్ళజోడు, అడుగున రెండు కాగితాలు. బల్ల మీద పక్కపక్కన పెట్టాను. వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీద పాలు పెట్టాను. పాలు పొంగేదాకా అక్కడే నిలబడ్డాను.

"అమ్మా."

"ఊఁ."

"ఈ గుండ్రటి రాత నీదేనా?"

"నాదే."

"నాన్న రాసింది పిలుపు."

"అవును."

"నాన్నకి తెలుసా?"

"తెలుసో తెలియదో. ఆయన నోట రాలేదు. నేను అడగలేదు."

నేను పాలు దించాను.

"అసలెలా పడిందమ్మా ఈ మాట? పులుపేమిటి నీకు?"

"నీ మూలానే."

"నేనెక్కడున్నాను అప్పటికి?"

"కడుపులో. మూడో నెల. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి నోరు ఒకటే లాగేది, పుల్లటిది ఏదైనా పడితే బావుణ్ణని. చింతకాయ ముక్క బుగ్గన పెట్టుకునే ఎత్తి రాశాను ఆ కాగితం. చెయ్యి మాట రాసింది, నోరు అక్షరం మార్చింది."

వెనక్కి తిరిగి చూశాను. మా అమ్మాయి ఆ రెండు కాగితాలూ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. మొదట పెదవులు వణికాయి. ఏడుస్తుందనుకున్నాను. కాదు, నవ్వు. ఆపుకోలేక గోడ పట్టుకుని, నవ్వుతూనే కిందికి జారి కూర్చుంది. నవ్వుతూనే ఏడ్చింది. "అయితే పులుపు నేనేనన్నమాట. బడిలో వాళ్ళు సరిగ్గానే పిలిచారు." తర్వాత కళ్ళు తుడుచుకుని మెల్లగా అంది, "నాన్న తప్పు కాదన్నారు కదమ్మా నాతో. పదేళ్ళ పిల్లని. నీ పేరు చెప్పెయ్యొచ్చు కదా."

"చెప్పొచ్చు," అన్నాను.

మర్నాడు తనే ఫోన్ చేసి నిమ్మకాయ పిల్లని పిలిచింది. నేను పెట్టె మీద కూర్చుని, రెండు కాగితాలూ ఒళ్ళో పెట్టుకుని, కెమెరాకి ఉన్నదున్నట్టు చెప్పాను. గుడి సంగతీ కొమ్ము సంగతీ చెప్పాను. ఆయన రాసింది పిలుపేనని, ఆయనకి మాటలు తెలుసని చెప్పాను. టేపు శుభ్రమయ్యేలోపే చెప్పాలనిపించింది. తర్వాత చెబితే అది దొరికిపోయినవాళ్ళు చెప్పినట్టుంటుంది. అయ్యాక ఆ పిల్ల కెమెరా ఆపడం మరిచిపోయింది. మా అమ్మాయే గుర్తుచేసింది.

*

మొదటి వాన పడిన ఆదివారం డాక్యుమెంటరీ వేశారు. మా అమ్మాయి, నేను, టైపిస్టు, చెవులాయన ఒకే వరుసలో కూర్చున్నాం. హాలంతా తడిసిన బట్టల వాసన, నిమ్మకాయల వాసన. వెనకవరుసలో ఎవరో మా అమ్మాయిని వంగి అడిగారు, "కాయ తెచ్చుకోలేదా?" తను సంచీలోంచి ఒకటి తీసి చూపించింది. నాకు తెలియకుండా ఎప్పుడు పెట్టుకుందో.

తెర మీద ట్యాంకు వచ్చింది, కుళాయి వచ్చింది, అరుపులు వచ్చాయి. నేనూ వచ్చాను, పెట్టె మీద, ఇంత పెద్ద మొహంతో. గుడి, కొమ్ము అని నేను చెబుతుంటే కొందరు నవ్వారు, చింతకాయ దగ్గర అందరూ నవ్వారు. తర్వాత నవ్వు సద్దుమణిగింది.

అప్పుడు తెర నల్లబడింది. బొమ్మ లేదు. టేపు గరగర మాత్రం వినిపించింది. తెర అడుగున చిన్న అక్షరాలతో మాటలు పడుతున్నాయి, కానీ నాకు చదవాల్సిన పని లేకపోయింది.

"సార్, ఇక్కడ పులుపు అని ఉందండీ. పులుపేనా?" టైపిస్టు గొంతు, అప్పటి ఇరవై రెండేళ్ళ పిల్ల గొంతు.

కాగితం చప్పుడు. ఎవరో దగ్గారు. ఆ తర్వాత ఆ గొంతు. దగ్గరగా, నిన్న విన్నట్టుగా.

"ఏమోయ్, ఒకసారి ఇలా రా."

నేను లేచి నిలబడ్డాను. "ఆఁ, వస్తున్నానండీ," అన్నాను. పైకే అన్నానట, మా అమ్మాయి తర్వాత చెప్పింది.

టేపులో జవాబు లేదు. గరగర సాగుతూనే ఉంది. ఆయన ఆగారు. నా కోసం ఆగారు. ఎంతసేపని తర్వాత అడిగితే, పదకొండు సెకన్లు వదినగారూ, అన్నాడు చెవులాయన.

చివరికి ఎవరిదో గొంతు వినిపించింది. "అమ్మగారు ఇంటికి వెళ్ళారు సార్. ప్రార్థన వేళయిందని."

నిజమే. ఏ రోజూ తప్పేదాన్ని కాదు. ఆయన పిలిచినప్పుడు నేను దేవుడి ముందు కళ్ళు మూసుకుని కూర్చుని ఉన్నాను. బహుశా సినిమా బాగా ఆడాలనే అడుగుతున్నానేమో. స్వామీ, అంత దగ్గర కూర్చోబెట్టుకున్నావు కదా, పిలుస్తున్నాడు వెళ్ళవే అని ఒక్క మాట చెప్పి పంపిస్తే నీకేం పోయేది?

"సరే," అన్నారు ఆయన టేపులో. కాగితం మడిచిన చప్పుడు. "ఆవిడ రాసిందంటే తప్పుండదు. నేనే అలా రాసుంటాను. కాగితంలో ఉన్నట్టే చెప్పమ్మా."

తర్వాత తెర వెలిగింది. రేడియో పెట్టె, దాన్ని వాటేసుకున్న టైపిస్టు. "మీ పులుపు కోసమే బతికి ఉన్నాను!" హాలు హాలంతా లేచి నిమ్మకాయలు ఎత్తి, పైకప్పు అదిరేలా "పులుపు!" అని అరిచింది. నా పక్కన మా అమ్మాయి కూడా చెయ్యెత్తి, మెడనరాలు పొంగేలా అరిచింది. అందరికన్నా గట్టిగా అరిచింది.

అరుపులు ఆగాయి, అందరూ కూర్చున్నారు. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని మెల్లగా లాగింది, "కూర్చో అమ్మా, అయిపోయింది," అంటూ.

నేను నిలబడే ఉన్నాను. పిలిచిన మనిషి నాతో ఇంకా ఏమీ చెప్పలేదు కదా.